ఎర్ర ఆయిలు మార్చాలా, వద్దా?

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నా జాకీ మీద ఒట్టు. దేవుడి మీద ఒట్టేస్తే ఆయన దయగలవాడు, పోనీలే అంటాడన్న ధీమా ఒకటుంటుంది. జాకీకి దయా దాక్షిణ్యం లేవు. దాని మీద ఒట్టేసి అబద్ధమాడినవాడు ఆ తర్వాత ఏ ధైర్యంతో కారు కింద దూరతాడు? కాబట్టి నమ్మండి.

నా పేరు కోటేశ్వరరావు. తెనాలిలో కార్లు బాగుచేసి బతికాను. యాభై దాటీ దాటకముందే నడుం డాక్టరు "ఇక వంగావో, మళ్ళీ లేవవు" అన్నాడు. వంగకుండా చేసే మెకానిక్కు పని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు గనక షెడ్డు మూసేశాను. ఇప్పుడీ పనిలోకి వస్తున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా అరుగు మీద కూర్చుని సందేహాలు అడుగుతుంటారు. అన్నిట్లోకీ ఎక్కువసార్లు అడిగేది ఇదే: "బాబాయ్, ఆటోమేటిక్ గేరు కారుకి గేరు ఆయిలు మార్చాలా, వద్దా? ఒక్క మాటలో చెప్పు."

ఒక్క మాటలో చెప్పగలిగేవాణ్ణయితే షెడ్డు ఎందుకు పెడతాను, పంచాంగం పట్టుకుని కూర్చునేవాణ్ణి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. షెడ్డు ఎలా పెరిగిందీ, నాకు ఎవరెవరు శాలువాలు కప్పారూ ఇందులో రాయడం లేదు. షెడ్డు పెరగలేదు. శాలువా ఎవరూ కప్పలేదు.

మస్తాన్ భాయ్ ముక్కు

నాకు పని నేర్పింది మస్తాన్ భాయ్. మొదట్లో ఆయన షెడ్డులో నేను పనివాణ్ణి. తర్వాత నేను సొంత షెడ్డు పెట్టుకున్నాక ఆయన తనది మూసేసి, రోజూ పొద్దున్నే వచ్చి నా షెడ్డులో స్టూలు మీద కూర్చునేవాడు. జీతం లేదు, పని లేదు, పెత్తనం మాత్రం ఉండేది.

ఆయన ముక్కు గురించి మీకు చెప్పి తీరాలి. ఏ బండిదైనా ఆయిలు గేజి, అంటే ఆయిలు ఎంతుందో చూసే ఆ సన్నటి ఇనప కడ్డీ, పైకి లాగి ఒక్కసారి వాసన చూసేవాడు. "ఈ డ్రైవరు ఎడంకాలు బ్రేకు మీద పెట్టుకుని నడుపుతున్నాడు" అనేవాడు. డ్రైవరు తెల్లబోయేవాడు. ఒకసారి రోడ్డు మీద పోతున్న కారుని స్టూలు మీంచే వాసన పట్టి, "ఆపండి, ఆపండి, గేరుబాక్సులో ఆయిలు మాడుతోంది" అని కేకేశాడు. ఆపాం. మాడింది పక్క హోటల్లో పెసరట్టు. అయినా అనుమానం తీరక ఆ కారు గేజి లాగి చూశాం. ఆయిలు కూడా మాడి ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు ఆటోమేటిక్ కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఎడంకాలికి క్లచ్చి ఉండదు, గేర్లు అవే పడతాయి అంటే జనం గుమిగూడి చూసేవాళ్ళు. మా ఇరుగుపొరుగు షెడ్లవాళ్ళం జీపులూ ట్రాక్టర్లూ అంబాసిడర్లూ విప్పి నేర్చుకున్నవాళ్ళం. మామూలు గేరుబాక్సులో ఆయిలు నల్లగా, జిగటగా, బెల్లం పాకంలా ఉంటుంది. ఈ కార్లలో పోసేదేమో ఎర్రగా, పల్చగా, దానిమ్మ రసంలా ఉండేది. ఆ రంగు చూస్తేనే భయం వేసేది. ఏదో ప్రాణమున్న వస్తువులోంచి కారినట్టు ఉండేది.

చుండూరు మిల్లు కారు

భయానికి ఒక కారణం కూడా ఉంది. చుండూరు వైపు ఒక రైసు మిల్లు యజమానికి తెల్లటి ఆటోమేటిక్ కారు ఉండేది. ఆయన దాన్ని ట్రాక్టరు నడిపినట్టే నడిపేవాడు. వెనక సీట్లో మనుషులు, వాళ్ళ ఒళ్ళో బియ్యం బస్తాలు. ఒకరోజు కారు కాలవ వంతెన ఎక్కనని మొరాయించింది. ఇంజను అరుస్తుంది, కారు కదలదు. మస్తాన్ భాయ్ కింద మర విప్పి, నల్లగా మారిన ఆయిలు వీలైనంత దింపేసి, కొత్త ఎర్ర ఆయిలు పోశాడు. వారం తిరక్కముందే కారు మిల్లు గుమ్మంలో పూర్తిగా ఆగిపోయింది. ట్రాక్టరుకి కట్టి, ముందూ వెనకా జనంతో, ఊరేగింపుగా మా దగ్గరికి లాక్కొచ్చారు.

"ఏవయ్యా మస్తానూ, నడిచే కారుని ఆయిలు మార్చి చంపేశావు కదయ్యా!" అన్నాడు మిల్లాయన అందరి ముందూ.

ఆ మాట తెనాలి బజారంతా తిరిగింది. మస్తాన్ భాయ్ ఆ రోజునుంచీ ఒక శాసనం చేశాడు. ఆటోమేటిక్ గేరుబాక్సులో ఆయిలు ముట్టుకోరాదు. దానికి ఒక సిద్ధాంతం కూడా తయారుచేశాడు. లోపల ప్లేట్లు అరిగి ఆ పొడి ఆయిల్లో కలుస్తుందట, ఆ పొడే ప్లేట్లకి పట్టు ఇస్తుందట, పాత ఆయిలు తీసేస్తే పట్టు పోతుందట. వినడానికి బాగుంటుంది. మెకానిక్కులందరూ నమ్మారు, నేనూ చాలాకాలం నమ్మాను.

ఆ చచ్చిన గేరుబాక్సు మా షెడ్డు మూలన పడి ఉండేది. నాకు ఊరికే ఉండలేని జబ్బు. ఆదివారాలు కూర్చుని ఒక్కొక్క ముక్కే విప్పాను. లోపల పప్పు చెక్కల్లా వరుసగా పల్చటి ప్లేట్లున్నాయి. వాటి మీద గరుకుగా ఉండాల్సిన పూత నున్నగా అరిగి, గుండు కొట్టించినట్టుంది. ఆ పూత వారంలో అరిగేది కాదు, ఏళ్ళు పడుతుంది. అంటే మేం ఆయిలు మార్చేనాటికే అది పోయింది. ఆఖరి ఊపిరిలో ఉన్నవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళి, సెలైను ఎక్కించాక పోతే, సెలైనే చంపిందన్నట్టు ఉంది మా లెక్క.

ఈ మాట మస్తాన్ భాయ్‌తో అన్నాను.

"ఆదివారం బిర్యానీ తిని పడుకోక, నీకెందుకురా శవపరీక్షలు?" అన్నాడు.

ఒకటి మాత్రం ఆయన పక్షాన చెప్పాలి. ప్లేట్లు అరిగి, పట్టు లేక జారిపోతున్న గేరుబాక్సులో కొత్త ఆయిలు పోసి ప్రాణం పోసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఆయన కారణం తప్పుగానీ, అలాంటి కార్ల విషయంలో భయం తప్పు కాదు.

ఆలోచించే పనే లేని సందర్భం కూడా ఒకటుంది, ఇక్కడే చెప్పేస్తాను. సంగం జాగర్లమూడి దగ్గర ఒకాయన కారు కాలవలోకి దిగి వచ్చింది. గేజి లాగితే ఆయిలు అచ్చంగా రోజ్ మిల్క్ రంగులో, నురగతో సహా ఉంది. నీళ్ళు కలిశాయన్న మాట. ఈ ఆయిలు చల్లబడడానికి రేడియేటరులోంచే తిరుగుతుంది గనక, అది లోపల చిల్లిపడినా ఆ రంగే వస్తుంది. అది కనిపిస్తే ఇక చర్చ లేదు. కారు స్టార్టు చేయకుండా మొత్తం దింపి కడగాల్సిందే. ఆయన గ్లాసులోకి తీసిన ఆయిలు చూసి, "కొంచెం సేమ్యా వేస్తే సరిపోయేది" అన్నాడు. అంత నష్టంలో అంత సరదాగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

రెండు ఊళ్ళ మెకానిక్కులూ రెండు మాటలూ

ఇక అసలు సంగతి. ఒక మే నెలలో, ఎండ మండిపోతుంటే, బూడిద రంగు ఆటోమేటిక్ కారొకటి షెడ్డు ముందు ఆగింది. నడుపుతున్నది ఒక ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి. ముందు చేతికర్ర బయటికొచ్చింది, తర్వాత ఆవిడ దిగారు. ఎడమ కాలికి చిన్నప్పుడు పోలియో. ఆ కాలి చెప్పు మడమ ఎత్తుగా కుట్టించుకున్నారు.

"కోటేశ్వరరావు గారంటే మీరేనాండి? నా పేరు ఎస్తేరు రాణి. రేపల్లె కాలేజీలో ఫిజిక్సు చెప్తానండి. ఇల్లు బాపట్ల."

"కూర్చోండి మేడం. ఏంటి ట్రబులు?"

"గేరు వేస్తే కారు వెంటనే కదలదండి. ఏదో ఆలోచించుకుని, అప్పుడు ఎగిరి దూకుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఫర్వాలేదు. వేడెక్కిందంటే దానికి ఆలోచనలు ఎక్కువైపోతున్నాయి."

"ఎవరికైనా చూపించారా?"

"బాపట్లలో చూపిస్తే ఆయిలు మొత్తం మార్చెయ్యమన్నారు. రేపల్లెలో చూపిస్తే ముట్టుకుంటే చచ్చిపోద్దన్నారు. ఇద్దరూ గేజి చూసి ఆయిలు ఫుల్లుగా ఉందన్నారు. ఆ ఒక్కదాంట్లోనే కలిశారండి. తెనాలి మూడో మాట చెప్తుందేమోనని వచ్చాను."

స్టూలు మీంచి మస్తాన్ భాయ్ అందుకున్నాడు. "రేపల్లెవాడు చెప్పిందే కరెక్టమ్మా."

"కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే ఆ ఆయిలు జీవితకాలం వస్తుంది, మార్చక్కర్లేదన్నారండి" అన్నారావిడ. "ఎవరి జీవితకాలం అని అడిగాను. నాదా, కారుదా, ఆయిలుదా? ఫోన్ పెట్టేశారు."

నాకు ఆవిడ అప్పుడే నచ్చేశారు.

మాటల మీద ఆవిడ అసలు ఇబ్బంది బయటపడింది. బాపట్ల నుంచి రేపల్లెకి రైల్లో వెళ్ళాలంటే తెనాలిలో దిగి, మెట్ల వంతెన ఎక్కి, రేపల్లె బండి పట్టుకోవాలి. ఆ కాలితో రోజూ కాని పని. బస్సు మెట్టు ఆవిడ మోకాలికంటే ఎత్తు. క్లచ్చి తొక్కే కారు నడపలేరు. అందుకని హైదరాబాదులో ఎవరో వాడిన ఈ కారు కొనుక్కున్నారు. "ఎడంకాలు సెకండ్‌హ్యాండుది తెచ్చుకున్నానండి" అని నవ్వారు. గేరుబాక్సు పోతే కొత్తది పై దేశం నుంచి రావాలి. అది ఆవిడ వల్ల కాదు.

"మా ప్రిన్సిపాలు గారు మంచివారేనండి. 'ఎందుకమ్మా ఈ అవస్థ, బాపట్లలో ఆఫీసు సీటు ఖాళీగా ఉంది, ఇంటి పక్కనే, అక్కడికి మారిపోండి' అంటున్నారు. సెలవులు అయ్యేలోగా జవాబు చెప్పాలి."

"మంచిదేగా మేడం?"

"అక్కడ లాబ్ లేదండి" అన్నారావిడ. "మా లాబ్‌లో బీరువాలు తుప్పు పట్టి ఉంటే నేనే నూనె రాసి తెరిపించాను. పిల్లలిప్పుడు ఇంటికెళ్ళమన్నా వెళ్ళరు. ఆఫీసులో ఫైళ్ళు నన్ను ఏ ప్రశ్నా అడగవండి" అన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. మార్చాలా వద్దా అన్నది ఆయిలు ప్రశ్న కాదు. తప్పు చెప్పామంటే ఆ లాబ్ తలుపు మూసుకుంటుంది.

ఫాను ప్రశ్న

బానెట్టు తీసి, అలవాటు ప్రకారం ఇంజను ఆపించి, కాసేపు ఆగి, గేజి లాగాను. ఆయిలు ఫుల్లు. గీత దాటి కొంచెం పైకే ఉంది. మస్తాన్ భాయ్ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "పాతబడింది, మాడలేదు" అన్నాడు. మేడం చేతిసంచీలోంచి తెల్లటి వడపోత కాగితం తీసి దాని మీద ఒక చుక్క వేయమన్నారు. చుక్క నెమ్మదిగా విచ్చుకుని, మధ్యలో టీ రంగులో, అంచున లేత రంగులో వలయంగా పాకింది. మాడిన ఆయిలైతే నల్లగా ముద్దలా అక్కడే కూర్చుంటుంది. ముక్కూ కాగితమూ ఒకటే మాట చెప్పాయి. మరి ఆయిలు ఫుల్లుగా ఉండి, మాడకుండా ఉంటే, కారు ఎందుకు జారుతోంది? నేను తల గోక్కుంటున్నాను.

"ఇంజను ఎందుకు ఆపించారండి?" అన్నారు మేడం.

"ఆయిలు చూడ్డానికండి."

"అదే, ఆపి ఎందుకు చూడాలి?"

"ఏ బండికైనా అంతేనండి. ఆపితే పైనున్న ఆయిలంతా కిందికి దిగుతుంది. అప్పుడు చూస్తే సరైన లెక్క తెలుస్తుంది."

"ఈ గేరుబాక్సులో పైన అంటే ఎక్కడండి?"

ఇంజనుకీ గేర్లకీ మధ్య గుమ్మడికాయంత గుండ్రటి డబ్బా ఉంటుందనీ, దాన్నిండా ఆయిలే ఉంటుందనీ చెప్పాను. క్లచ్చి బదులు అదే.

ఆవిడ కళ్ళు మెరిశాయి. "రెండు టేబుల్ ఫాన్లు ఎదురెదురుగా పెట్టామనుకోండి. ఒకదానికే స్విచ్చి వేశాం. రెండోది ఏమవుతుంది?"

"దాని గాలికి ఇది కూడా తిరుగుతుందండి."

"మీ డబ్బాలో ఉన్నది అవే రెండు ఫాన్లు. గాలి బదులు ఆయిలు. ఇంజను ఒక ఫానుని తిప్పుతుంది, ఆయిలు రెండోదాన్ని తిప్పుతుంది."

"స్విచ్చి వెయ్యని ఫాను తిరుగుద్దా?" అన్నాడు మస్తాన్ భాయ్. "చూస్తేగానీ నమ్మనమ్మా నేను."

షెడ్డులో ఉన్నది ఒక్కటే ఫాను. దానికీ కరెంటు లేదు. "మా లాబ్‌కి రండి, చూపిస్తాను" అన్నారావిడ. తర్వాత నావైపు తిరిగి, నెమ్మదిగా, క్లాసులో అడిగినట్టు అడిగారు. "ఇంజను ఆపితే ఆ డబ్బాలో ఆయిలు కూడా కొంత కిందికి దిగుతుందా?"

"దిగుతుందండి."

"అయితే ఇందాక గేజికి తగిలింది ఏ ఆయిలు?"

డబ్బాలోంచి దిగిందే తగిలిందన్న మాట. చేతిలో కడ్డీ చివర చిన్న అక్షరాల్లో 'వేడి' అని ఇంగ్లీషులో చెక్కి ఉంది. అంతకుముందు కూడా చూశాను, ఎందుకుందో ఎన్నడూ అడగలేదు. బండి నడిపి, వేడెక్కాక చూడమని. "మేడం, కారు స్టార్టు చేసి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకు రండి" అన్నాను.

తిరిగి వచ్చాక ఇంజను ఆపనివ్వలేదు. బ్రేకు తొక్కించి, గేరు లివరు అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పించి, మళ్ళీ పార్కింగులోకి పెట్టించి, తిరిగే ఇంజను మీదే గేజి లాగాను. కడ్డీ కొసన మాత్రం తడి అంటుకుని ఉంది. ఆయిలు సగం మాయం.

బాపట్ల వాడూ, రేపల్లె వాడూ, నేనూ ముగ్గురం ట్రాక్టరు ఇంజనుకి చూసినట్టు చూశాం. ముగ్గురికీ ఫుల్లుగా కనబడింది. అందులో ఒకడు మార్చమని, ఒకడు వద్దని సలహా కూడా ఇచ్చేశారు.

"మరి ఆయిలు ఎటు పోయినట్టు?" అన్నారు మేడం. "మా ఇంటి ముందు ఎప్పుడూ మరక చూడలేదే!"

"మీ ఇంటి ముందు నేల ఎలాంటిదండి?"

"బాపట్ల కదండీ. ఇసుక."

"కాలేజీలో?"

"చెట్టు కింద పెడతాను. ఎప్పుడూ ఆకులు రాలి ఉంటాయి."

నా షెడ్డుది సిమెంటు నేల. ఇంజను అలా తిరుగుతుండగానే రేడియేటరు దగ్గర రబ్బరు గొట్టం చివరినుంచి ఒక చుక్క రాలి నేల మీద విచ్చుకుంది. ఇన్నాళ్ళూ ఆ కారు కారుస్తూనే ఉంది, ఇసుక తాగుతూనే ఉంది. సముద్రం పక్క ఊరి మెకానిక్కు ఎవరైనా నేల చూసి కారు బాగుందనుకోవద్దు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

కాటుక

గొట్టం మార్చాం. తగ్గినంత ఆయిలు పోశాం. గేరు వేయగానే కారు, పిలిస్తే పలికినట్టు కదిలింది. మేడం ముఖం విప్పారింది. కానీ ఆవిడ ఫిజిక్సు మనిషి, అంతటితో వదలరు.

"జబ్బు ఏంటో తెలిసింది. నేను అడిగిన ప్రశ్న అలాగే ఉంది. మిగిలిన పాత ఆయిలు మార్చాలా, వద్దా?"

"బాగుందిగామ్మా, దండం పెట్టుకుని వెళ్ళిపో" అన్నాడు మస్తాన్ భాయ్.

"బాగున్నప్పుడే మార్చాలి భాయ్. చెడ్డాక మార్చి ఏం లాభం? మనం ఇన్నాళ్ళూ చెడ్డాకే మార్చాం" అన్నాను నేను.

"మిల్లు కారు మర్చిపోయావా?"

"దాన్ని విప్పి చూసిందే నేను."

"ఈ అమ్మ కారు ఆగిపోతే? మిల్లాయనకి ఇంకో రెండు బళ్ళున్నాయి. ఈమెకి?"

అదీ నిజమే. లోపలి ప్లేట్లు ఇన్నాళ్ళు తక్కువ ఆయిలుతో తిరిగాయి. ఎంత అరిగాయో పైనుంచి తెలియదు. తెలుసుకునే దారి ఒకటుంది. గేరుబాక్సు కింద పళ్ళెంలాంటి చాంబరు ఉంటుంది. దాని అడుగున ఒక అయస్కాంతం పెడతారు, లోపల అరిగిన ఇనుము దానికి అంటుకుంటుంది. చాంబరు దింపితే అదే చెబుతుంది. కాకపోతే దింపగానే అందులోని ఆయిలు ఎలాగూ బయటికొస్తుంది.

"తెరిచాక చెడ్డగా ఉంటే అదే ఆయిలు వడగట్టి పోసెయ్. గేరుబాక్సు తియ్యలేదనుకుంటది" అన్నాడు మస్తాన్ భాయ్. ఆయన నిజంగానే అన్నాడు.

మేడం చేతికర్ర నేలకి ఆనించి లేచారు. "కారు నాది, కాలు నాది. దింపండి" అన్నారు.

మస్తాన్ భాయ్ స్టూలు రోడ్డు వైపు తిప్పుకుని మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను కారు కింద దూరి మరలు విప్పాను. అయస్కాంతం మీద నల్లటి మెత్తటి ముద్ద ఉంది. వేళ్ళ మధ్య రుద్దితే కాటుకలా జారింది. గుచ్చుకునే రజను గానీ, మెరిసే ముక్కలు గానీ లేవు. అది మామూలు వయసు, జబ్బు కాదు. తుడిచి, చాంబరు బిగించి, ఎంత దిగిందో అంతే కొత్త ఆయిలు పోశాను. రెండుసార్లూ పోసింది ఆ కారుకి చెప్పిన రకమే, గుంటూరు నుంచి తెప్పించాను. తెనాలి దుకాణంలో ట్రాక్టరు స్టీరింగులో పోసే ఎర్ర ఆయిలు చూపించి "రంగు అదేగా" అన్నారు. రంగు చూసి పోసేదయితే దానిమ్మ రసమే పోయొచ్చు.

దిగేది సగం కంటే తక్కువే, మిగతాది ఆ గుండ్రటి డబ్బాలోనే ఉండిపోతుంది. అందుకని కొన్ని వారాలు నడిపాక మళ్ళీ దింపి పోయాలి, ఆ తర్వాత ఇంకోసారి. ఇలా విడతలుగా చేయడంలో సగం బుద్ధి, సగం భయం. భయాన్ని నేను తక్కువ చేయను. నేను నేర్చుకున్నదంతా కలిపితే ఇంతే వస్తుంది. గేరు జారుతూ, ఆయిలు మాడి, అయస్కాంతానికి ముక్కలు అంటుకుని ఉంటే మార్చి ప్రయోజనం లేదు, యజమానికి నిజం చెప్పండి. పాతబడిందిగానీ మాడలేదు, కారు బాగా నడుస్తోందంటే మార్చండి, విడతలుగా మార్చండి. అన్నిటికంటే ముందు ఆ కారు గేజి ఇంజను ఆపి చూసేదో, తిరుగుతుండగా చూసేదో కనుక్కోండి. కార్లన్నీ ఒకలా ఉండవు, కొన్నిటికి నిజంగానే ఆపి చూడాలి. నేను కనుక్కున్నదే శాసనమనుకుంటే మీరూ ఇంకో మస్తాన్ భాయ్ అవుతారు, అదీ ఆ ముక్కు లేకుండా.

మేడం ప్రిన్సిపాలుకి జవాబు చెప్పేశారు. ఆఫీసు సీటు వద్దన్నారు. సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రోజున బాగుపడ్డాక కారు మొదటిసారి బాపట్ల నుంచి రేపల్లె దాకా, ఎండలో, వెళ్ళింది. నేను షెడ్డులో కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతూ కూర్చున్నాను. చేసిన పని మీద నమ్మకం ఉన్నవాడికి కంగారెందుకు? ఫోన్ మోగింది. "కోటేశ్వరరావు గారూ, కారు కాదండీ ఇది, కాలవలో పడవ!" అన్నారు మేడం. నాకు ముందే తెలుసన్నట్టు, "సరేనండి" అని పెట్టేశాను.

ఒట్టు సంగతి

జాకీ మీద ఒట్టేసి అబద్ధమాడకూడదు, నిజమే. కానీ నేనిప్పుడు కారు కింద దూరడం లేదుగా, జాకీ నన్నేం చేస్తుంది? అయినా మనసు ఒప్పుకోవడం లేదు, చెప్పేస్తాను.

పెసరట్టు అబద్ధమనుకున్నారు కదూ? అది నిజం. రోజ్ మిల్క్ నిజం, సేమ్యా నిజం. నేను కల్పించింది ఆ కాఫీ, ఆ ఫోనూ. మేడం నాకు ఫోన్ చేయలేదు. నేను షెడ్డులో లేను.

ఆ పొద్దున టిఫిన్ కూడా తినకుండా షెడ్డుకి తాళం వేసి స్టేషనుకి వెళ్ళి రేపల్లె బండి ఎక్కాను. ఎక్కేసరికి కిటికీ పక్కన, టోపీ కళ్ళ మీదికి లాక్కుని మస్తాన్ భాయ్ కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికి భాయ్?"

"రేపల్లెలో చుట్టాలున్నారు."

రేపల్లెలో ఆయనకి చుట్టాలు లేరని నాకు తెలుసు. "నువ్వెక్కడికి?" అన్నాడు. "నాకూ చుట్టాలేలే" అన్నాను. దిగేదాకా ఇద్దరం కిటికీలోంచి పొలాలు చూశాం.

కాలేజీలో చెట్టు కింద బూడిద రంగు కారు కనబడింది. కారు వచ్చిందన్న మాట. బానెట్టు మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. అంతటితో పోవచ్చుగా? పోలేదు. రాలిన ఆకులు పక్కకి తోసి, కింద ఎర్ర చుక్క ఉందేమోనని ఇద్దరం నేల మీద బోర్లా పడుకున్నాం. అటునుంచి ఆయన, ఇటునుంచి నేను. అప్పుడు నా ముఖం పక్కన ఒక చేతికర్ర, ఎత్తు మడమ చెప్పు వచ్చి ఆగాయి.

"చుక్క ఏమైనా ఉందాండి?"

"లేదండి" అన్నాను నేల మీంచే.

"అయితే లేవండి. మస్తాన్ గారూ, మీరు కూడా."

లాబ్‌లో పొడవాటి బల్ల మీద రెండు టేబుల్ ఫాన్లు ఎదురెదురుగా పెట్టి ఉన్నాయి. మేం వస్తామని ఆవిడకి ఎలా తెలుసో నాకిప్పటికీ తెలియదు. చుట్టూ పిల్లలు. మేడం ఒకదానికి స్విచ్చి వేశారు. రెండోది కదలలేదు. మస్తాన్ భాయ్ నావైపు చూశాడు. తర్వాత అది మెల్లగా, బద్ధకంగా ఒక రెక్క కదిపి, ఇంకో రెక్క కదిపి, తిరగడం మొదలెట్టింది.

ఆయన వంగి, ఆ రెండో ఫాను వైరు పట్టుకుని చివరిదాకా తడిమాడు. ప్లగ్గు ఎక్కడా పెట్టి లేదు, బల్ల కింద వేలాడుతోంది. దాన్ని చేతిలోకి తీసుకుని, వాసన చూశాడు.